వేటమాంసం కొట్టులో ఊరికే ఇచ్చే కార్జం, ఊపిరితిత్తులు కుక్కకి పెట్టొచ్చా?

రావులపాలెం నుంచి అడిగినాయన ప్రశ్న చదవని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఇంట్లో 7 నెలల మగ లాబ్రడార్ ఉంది, 22 కిలోలు. ఆదివారం ఆదివారం వేటమాంసం (మేక, గొర్రె మాంసం) కొట్టతను తెలిసినవాడు కాబట్టి మిగిలిన కార్జం ముక్కలు, ఊపిరితిత్తులు, బోటి ఊరికే కవర్లో వేసి ఇస్తున్నాడు. పచ్చిది పెడితేనే బలమని ఎవరో వీడియోలో చెప్పారట. రెండు నెలలుగా పచ్చిగానే పెడుతున్నారు. ఇంట్లో నాలుగేళ్ళ పాప ఉంది, కుక్క మెడ పట్టుకునే తిరుగుతుంది. ఎంత పెట్టాలి, ఏవి పెట్టకూడదు, కార్తీక మాసంలో అమ్మగారు ఇంట్లో నీచు వండనివ్వరు కాబట్టి ఆ నెలంతా ఏం చెయ్యాలి, ఇవీ ఆయన అడిగినవి.

నేను పశువైద్యుడిగా కోనసీమలోనూ, అటు నర్సాపురం, పాలకొల్లు వైపూ కలిపి 31 ఏళ్ళు పనిచేసి దిగినవాణ్ణి. ఎంత పెట్టాలనేది తర్వాత చెబుతాను. రేపు పొద్దున్నే చెయ్యాల్సిన పని వేరే ఉంది.

కుక్కని మీ దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు వేయించండి. కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు లెక్క. బజారులో దొరికే చాలా బిళ్ళల్లో ఒక్కోదానిలో 50 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే పది కిలోలకి ఒకటి. మీరు ఇదివరకు పోయించానన్న సిరప్పు పైరాంటెల్ అయితే అది ఏలికపాములు, కొంకిపురుగుల్లాంటి వాటికే. ఇప్పుడు నేను భయపడుతున్నది పచ్చి కార్జం వల్ల కుక్క పేగులో చేరే ఒక చిన్న బద్దెపురుగు (టేప్‌వార్మ్) గురించి, దాన్ని అది ముట్టుకోదు. కొనేటప్పుడు బ్రాండు కాదు, అట్ట వెనక ప్రాజిక్వాంటెల్ అన్న మాట చూడండి. మందు వేశాక మూడు రోజుల పాటు కుక్క ఎక్కడ దొడ్డికెళ్ళినా చేతికి కవరు తొడుక్కుని ఎత్తి, లోతుగా గొయ్యి తీసి పూడ్చండి, లేదా కాల్చెయ్యండి. మందు పురుగుని చంపుతుంది గానీ గుడ్లని చంపదు. అవి పెరట్లో పడితే నెలల తరబడి మట్టిలో బతికే ఉంటాయి.

ఇంత హడావుడి ఎందుకంటే చెబుతాను. ఆదివారం పొద్దున్న ఏ వేటమాంసం కొట్టు దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూడండి. మొద్దు కింద మూడు నాలుగు కుక్కలు కూర్చుని ఉంటాయి. కొట్టతను కార్జం కోస్తుండగా ఒక మూల తెల్లగా నీటిబుడగ కనబడుతుంది. కొనేవాడు చూస్తే తీసుకోడు, అందుకని ఆ ముక్కని కత్తి మొనతో చెక్కి కిందకి విసురుతాడు. కింద పడకముందే కుక్క అందుకుంటుంది. ఆ బుడగే హైడాటిడ్ తిత్తి. అందులో నీళ్ళతో పాటు కంటికి ఇసకలా కనబడే పురుగు తలలు వేల సంఖ్యలో ఉంటాయి. కుక్క పేగులో అవి ఒక్కొక్కటీ పెద్ద పురుగు అవుతాయి. పెద్దదంటే 3 నుంచి 7 మిల్లీమీటర్లు, బియ్యపు నూకంత. ఆరేడు వారాలు తిరిగేసరికి కుక్క దొడ్డిలో గుడ్లు పడటం మొదలవుతుంది. ఆ దొడ్డి ఉన్న గడ్డి మేకో గొర్రో మేస్తే మళ్ళీ దాని కార్జంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు. గడ్డి మేసేది గొర్రె కాబట్టి గొర్రెకి వస్తుంది. కుక్క ఒంటి మీద చెయ్యి వేసి ఆ చేత్తోనే బూరెలు తినేది పిల్ల కాబట్టి పిల్లకీ వస్తుంది.

కుక్కకి మాత్రం ఏమీ అవదు. అదే దీనిలో ఉన్న మోసం. వాంతి ఉండదు, విరేచనం ఉండదు, నిగనిగలాడుతూ తిరుగుతుంది. ఈ పురుగు దొడ్డిలో కంటికి ఆనదు కూడా. కుక్క తోక కింద బియ్యపు గింజల్లా అంటుకుని కదులుతూ కనబడేవి వేరే బద్దెపురుగు ముక్కలు. అవి కుక్క బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న పురుగుల (ఫ్లీల) వల్ల వస్తాయి. అవి లేవు కదా మా కుక్క శుభ్రంగా ఉందనుకుంటే పొరపాటు.

నేను రాజోలు వైపు పనిచేస్తున్నప్పుడు ఒక రైతు తన గేదెని చూపించడానికి తరచుగా వచ్చేవాడు. ఒకసారి మాటల్లో, కూతురికి కడుపులో గడ్డ అని ఆపరేషన్ చేశారు, కార్జం మీద తిత్తి, అందులోంచి కప్పులకి కప్పులు నీళ్ళు తీశారు, డాక్టరు "మీ ఇంట్లో కుక్క ఉందా" అని అడిగాడండీ, అదేం ప్రశ్నండీ అన్నాడు. నాకు అప్పుడు వాళ్ళ ఇంటి పక్కన కొట్టు గుర్తొచ్చింది. ఆ తిత్తి ఆ పిల్ల కడుపులో ఎన్నేళ్ళ నుంచి పెరుగుతోందో ఎవరు చెప్పగలరు? చాలా నిదానంగా పెరుగుతుంది. ఏ కుక్క, ఏ కార్జం అని పట్టుకోలేం. అప్పటి నుంచీ పచ్చి కార్జం సంగతి వచ్చిందంటే ముందు కుక్క గురించి కాక ఇంట్లో పిల్లల గురించే అడుగుతాను. మీ పాపకి ఇప్పుడే స్కానింగులని పరుగెత్తక్కర్లేదు. పిల్లల డాక్టరు దగ్గరికి ఈసారి వెళ్ళినప్పుడు సంగతి ఆయన చెవిన వేసి ఉంచండి. తినే ముందు సబ్బుతో చేతులు కడిగించండి. శానిటైజరు ఈ గుడ్లని చంపదు, సబ్బూ నీళ్ళూ కొట్టుకుపోయేలా చేస్తాయి.

ఇక కార్జం చూడ్డం ఎలాగో చెబుతాను. ఇది మాటల్లో కన్నా చేతుల్లో ఉన్న విద్య. కార్జాన్ని కడిగి వెడల్పాటి పళ్ళెంలో వెల్లికిలా, బోర్లా రెండు వైపులా తిప్పి చూడండి. తర్వాత రెండు బొటనవేళ్ళతో అంగుళం అంగుళం నొక్కుకుంటూ వెళ్ళండి. మంచి కార్జం అంతా ఒకేలా మెత్తగా, బిగువుగా తగులుతుంది. ఎక్కడైనా గోళీకాయ తగిలినట్టు గట్టిగా, గుండ్రంగా ఉంటే అక్కడ ఆగండి. తిత్తి పైకి ముత్యంలా తెల్లగా, నున్నగా ఉంటుంది. సగ్గుబియ్యం గింజంత నుంచి నిమ్మకాయంత దాకా ఉండొచ్చు. దాన్ని పొడవకండి. నీళ్ళు చిమ్మితే కత్తిపీట మీదా, కంట్లోనూ పడతాయి. ఆ కార్జం మొత్తం పారెయ్యండి. బాగున్న ముక్క వరకూ కోసుకుని మిగతాది పడేద్దామనే పొదుపు ఇక్కడ వద్దు. పారెయ్యడం అంటే కాలవలో వెయ్యడం కాదు, చెత్తకుప్ప మీద వెయ్యడం అసలే కాదు. మరిగే నీళ్ళలో అరగంట ఉంచి, అప్పుడు పూడ్చండి.

దీనికి తిరగేసిన సంగతి ఇంకోటుంది. కాటన్ దొర పుణ్యమా అని మన డెల్టాలో 1852 నుంచీ కాలవలకి నీళ్ళకి కొదవ లేదు. నీళ్ళున్న చోట నత్తలు, నత్తలున్న చోట పశువులకి కార్జపు జలగ. గేదె కార్జంలోనూ, గట్ల మీద మేసిన మేక కార్జంలోనూ కోస్తుంటే గొట్టాలు దళసరిగా, కత్తికి గరగరలాడుతూ తగులుతాయి. నొక్కితే ముదురు గోధుమరంగులో ఆకు ముక్కలాంటి పురుగులు బయటికొస్తాయి. చూస్తే అన్నం సయించదు. కానీ ఆ జలగ ఉన్న కార్జం తిన్నంత మాత్రాన కుక్కకి ఆ జబ్బు అంటదు. పశువుకి అది నీటి ఒడ్డున గడ్డి మీద అంటుకున్న జలగ పిల్లల వల్ల వస్తుంది. అలాంటి కార్జం నేనూ పెట్టను, అది పాడైపోయిన కార్జం కాబట్టి. కానీ కొట్టతను జలగని చూసి మొహం తిప్పుకుని, తెల్లటి ముత్యపు బుడగని మాత్రం "నీరు పట్టిందండీ, ఏం కాదు" అనడం ఎన్నిసార్లు విన్నానో. ఆయన మాట తిరగేసుకోండి.

వండటం. మేక, గొర్రె, గేదె, పంది, వీటి లోపలి భాగాలు ఏవైనా చిన్న ముక్కలు చేసి, నీళ్ళు తెర్లడం మొదలయ్యాక అరగంట ఉడకాలి. కుక్కరైతే నాలుగు విజిల్స్ వచ్చాక మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు. కార్జం ముక్కని మధ్యకి విరిచి చూస్తే గులాబీ రంగు కనబడకూడదు. ఊపిరితిత్తులతో ఒక చిక్కుంది. వాటినిండా గాలి కాబట్టి నీళ్ళలో వేస్తే పైకి తేలి తెప్పలా తిరుగుతుంటాయి. కింద భాగం ఉడుకుతుంది, పైన భాగం పచ్చిగానే ఉంటుంది. గిన్నె తీసి చూసిన వాళ్ళు ఉడికిపోయిందనే అనుకుంటారు. అందుకని బొటనవేలంత ముక్కలు కోసి, మీద ఒక పళ్ళెం బోర్లించి, పళ్ళెం మీద రుబ్బురోలు పొత్రం లాంటి బరువేదైనా పెట్టి మునిగేలా చేసి ఉడికించాలి. మా ఇంట్లో దీనికో సత్తు గిన్నె విడిగా ఉంది, పెరట్లో కట్టెల పొయ్యి మీదే. వాసన ఇంట్లోకి రానిస్తే నాకు రాత్రి భోజనం ఉండదు.

పచ్చిదైతేనే ఎంజైములు, తోడేలు తిండి అని వీడియోల్లో చెప్పేవాళ్ళ మాట. వాళ్ళలో ఎక్కువమంది ఉన్న దేశాల్లో మాంసం తనిఖీ అయిన కబేళా నుంచి వస్తుంది, తిత్తి ఉన్న కార్జం అక్కడే ఆగిపోతుంది. మన ఊళ్ళో రోడ్డు పక్కన వేపచెట్టు కింద కోసిన మేకని కోసేముందు గానీ, కోశాక గానీ ఏ డాక్టరూ చూడడు. ఫ్రీజర్లో పెడితే చచ్చిపోతాయి కదా అంటారు. ఇంట్లో ఫ్రిజ్ పైఅర, అందులోనూ వైశాఖంలో కరెంటు పోతూ వస్తూ ఉంటే, దాన్ని నమ్మి నా మనవరాలు తిరిగే ఇంట్లో పచ్చిది పెట్టను. పైగా సాల్మొనెల్లా లాంటి బాక్టీరియా గడ్డకట్టినా చావదు, నిద్రపోయి లేస్తుంది. ఉడికిస్తే కొంత బి విటమిన్ పోయే మాట నిజమే. కార్జంలో అది ఎంతో మిగులు కాబట్టి ఆ నష్టం లెక్కలోకి రాదు. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకుండా అన్నంలో కలిపితే అదీ పోదు.

ఇప్పుడు ఎంత అన్న మాట. కార్జం మంచి తిండి. ఇనుము, బి12, ఫోలేటు, ఎ విటమిన్ అన్నీ ఉన్నాయి. కానీ అది మాంసం కాదు, మందు లాంటిది. గొర్రె కార్జం 100 గ్రాముల్లో ఎ విటమిన్ సుమారు 24,000 యూనిట్లు పైన, కోడి కార్జంలో 11,000 యూనిట్లు. రాగి లోహం తేడా ఇంకా ఎక్కువ: గొర్రె కార్జం 100 గ్రాముల్లో 7 మిల్లీగ్రాముల దాకా, కోడి కార్జంలో అర మిల్లీగ్రాము. ఇది చాలామందికి తెలియదు. కార్జం అంటే అన్నీ ఒకటే అనుకుంటారు. ఎ విటమిన్ నీళ్ళలో కరిగి బయటికి పోయేది కాదు, ఒంట్లో పేరుకుంటుంది. నెలల తరబడి రోజూ ఎక్కువైతే మెడ బిగుసుకోవడం, కీళ్ళ నొప్పులు, గంతులు వెయ్యడం మానేసి మూలన పడుకోవడం. రాగి సంగతి మీలాంటి వాళ్ళకే ముఖ్యం, ఎందుకంటే కొన్ని లాబ్రడార్లకి వంశపారంపర్యంగా కార్జంలో రాగి పేరుకుపోయే గుణం ఉంది. కుక్క పుట్టినప్పుడు దాని నుదుటి మీద రాసి ఉండదు. ఐదారేళ్ళకి తిండి తగ్గి, నీళ్ళు ఎక్కువ తాగి, కళ్ళు పచ్చబడ్డాక తెలుస్తుంది.

అందుకని నేను చెప్పే కొలత ఇది, కొంచెం తక్కువ వైపే ఉంచాను. పది కిలోల కుక్కకి వారం మొత్తం మీద కోడి కార్జం 100 గ్రాములు, లేదా మేక కార్జం 50 గ్రాములు. రెండూ కలిపి కాదు, ఏదో ఒకటి. బ్రాయిలర్ కార్జం ఒక్కోటి సుమారు 40 గ్రాములు తూగుతుంది కాబట్టి వారానికి రెండు మూడు. మీ 22 కిలోల లాబ్రడార్‌కి కోడి కార్జం వారానికి 200 గ్రాములు, రెండు మూడు విడతలుగా అన్నంలో కలపండి. మేక, గొర్రె కార్జం మీ కుక్కకి నేనైతే పండగ పండగకి మాత్రమే పెడతాను. ప్యాకెట్ తిండి కూడా పెడుతున్నానన్నారు. అందులో ఎ విటమిన్, రాగి ముందే కలిపి ఉంటాయి కాబట్టి పైన చెప్పిన దానిలో సగం చాలు. లివర్ టానిక్, మల్టీవిటమిన్ చుక్కలు, వాటి మీద కార్జం, ఇలా మూడూ పెట్టే ఇళ్ళు చూశాను. ఒకటి చాలు.

ఇంకా పెద్ద తప్పు కొలతలో కాదు, కార్జాన్ని భోజనం అనుకోవడంలో జరుగుతుంది. అమలాపురంలో ఒకాయన ఐదు నెలల లాబ్రడార్ పిల్లని చంకనేసుకుని తీసుకొచ్చారు. ముందుకాళ్ళు రెండూ ధనుస్సులా బయటికి వంగాయి, మణికట్ల దగ్గర లావెక్కాయి. మంచం మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. ఎక్స్‌రేలో ఎముకలు ఎంత పల్చగా ఉన్నాయంటే పక్కన మాంసానికీ ఎముకకీ రంగు తేడా కష్టంగా తెలిసింది. ఏం పెడుతున్నారంటే, "రోజూ కార్జమేనండీ డాక్టర్ గారూ, అన్నంలో, ఏ రోజూ తక్కువ చెయ్యలేదు" అన్నారాయన, కళ్ళలో నీళ్ళు. నిజంగానే తక్కువ చెయ్యలేదు. కోడి కార్జం 100 గ్రాముల్లో భాస్వరం సుమారు 300 మిల్లీగ్రాములు, కాల్షియం 10 కూడా ఉండదు. ఒంట్లోకి కాల్షియం రానప్పుడు శరీరం ఎముకల్లోంచి తోడుకుంటుంది. ఆ పిల్ల తిండి మార్చాక ఎముకలు గట్టిపడ్డాయి గానీ కాళ్ళ వంపు కొంత మిగిలింది. అలాగని మీ అంతట మీరు కాల్షియం సీసా కొని పోసెయ్యకండి. పెద్దజాతి కుక్కపిల్లలకి కాల్షియం ఎక్కువైనా ఎముకలు పాడవుతాయి. మీ కుక్క ఇంకా ఎదుగుతోంది కాబట్టి కుక్కపిల్లల ప్యాకెట్ తిండిని మూలంగా పెట్టుకుని, కార్జం పైన కూరలా పెట్టండి.

మిగతా భాగాలు గబగబా చెప్పేస్తాను. గుండెకాయ, కందనకాయ లోపలి భాగాలే అయినా తిండి లెక్కలో మాంసమే. పీకలమొయ్య కాకుండా మాంసం బదులు పెట్టొచ్చు. కందనకాయ లోపలి పసుపు పొర, దానిలో రాళ్ళు తీసెయ్యాలి, కొట్టులో ఎలాగూ తీసే ఇస్తారు. కిడ్నీలు చీల్చి, మధ్యలో తెల్లటి గొట్టాలు కోసేసి, నీళ్ళలో నానేసి వండితే బాగానే తింటుంది, కొంచెం చాలు. ప్లీహం ఎక్కువైతే మర్నాడు పల్చటి నల్లటి విరేచనం. బోటి రెండు మూడు నీళ్ళు మార్చి కడిగి, కొవ్వు లాగేసి పెట్టొచ్చు. కడగని పచ్చి బోటిలో ఏదో మహత్తు ఉందని ఈ మధ్య ఒక వెర్రి బయల్దేరింది, పేడ ఉన్న బోటి పేడే. తలకాయ మాంసంలో మెదడు కుక్కకి వద్దు. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోతే దాని మెదడులో బుడగ ఉంటుంది, అది కూడా కుక్క పేగులో బద్దెపురుగు అయ్యేదే. గొంతు గొట్టం చుట్టుపక్కల ముక్కలు కొట్టతను ఉదారంగా వేస్తాడు. అక్కడే థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది రోజూ తిన్న కుక్కలకి థైరాయిడ్ ఎక్కువైన లక్షణాలు వచ్చి, ఆ ముక్కలు మానిపించగానే తగ్గిన సందర్భాలు పశువైద్యంలో నమోదయ్యాయి. ఎంత తిన్నా చిక్కిపోతూ, నిలకడ లేకుండా రొప్పుతుంటే దాన్ని గుర్తు చేసుకోండి. కార్జానికి అంటిపెట్టుకుని ఉండే చేదుకట్టు పగిలితే ఆకుపచ్చ మరక పడుతుంది, ఆ ముక్క తీసెయ్యండి. విషం కాదు గానీ వాంతి చేసుకుంటుంది.

కోడివాటికి హైడాటిడ్ భయం లేదు. బాక్టీరియా భయం ఉంది, పదిహేను నిమిషాలు మరిగితే పోతుంది. కానీ ఎక్కడి కోడి అన్నది చూసుకోండి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో కోళ్ళకి బర్డ్‌ఫ్లూ తేలినప్పుడు, ఫారాల్లో చచ్చిన కోళ్ళని కాలవ గట్ల మీద పడేస్తే ఊరకుక్కలు లాక్కెళ్ళడం మీ అందరికీ తెలుసు. కుక్కలకి ఆ జబ్బు తేలిగ్గా రాదు, పిల్లులకి ఎక్కువ. అయినా 2004లో థాయ్‌లాండ్‌లో బాతు కళేబరాలు తిన్న కుక్క ఒకటి ఆ వైరస్‌తోనే చచ్చిపోయింది. బర్డ్‌ఫ్లూ లేని రోజుల్లో కూడా చచ్చి ఒక రోజు ఎండలో ఉన్న కోడిని తింటే బోటులిజం అని కాళ్ళు చచ్చుబడే జబ్బు వస్తుంది. బతికున్న కోడిని మీ కళ్ళ ముందు కోసిన కొట్టులోనే తీసుకోండి, తొమ్మిది లోపు. ఎండాకాలం పన్నెండింటికి ఆ కవరు ముట్టుకుంటేనే వెచ్చగా ఉంటుంది. చేప లోపలి భాగాలు, పచ్చివి, రోజూ వద్దు. కార్పు జాతి చేపల్లో బి1 విటమిన్‌ని విరిచేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే పోతుంది.

కనుమ మర్నాడు మా ఆసుపత్రి ఎలా ఉండేదో చెప్పాలి. పందెంలో ఓడిన కోడి, ఇంట్లో వేటమాంసం, ఊరినిండా చుట్టాలు. అందరూ ప్రేమతో తలా ఒక ముక్క పెడతారు. మర్నాడు పొద్దున్నే గేటు తియ్యకముందే నలుగురైదుగురు. కుక్క వెనకభాగం పైకెత్తి, ముందుకాళ్ళు చాపి దణ్ణం పెడుతున్నట్టు వంగి ఉంటుంది, ముద్ద ముడితే వాంతి. కడుపు నొప్పికి అలా వంగుతుంది. కొవ్వు బోటి, వేపుడు నూనె ఎక్కువై క్లోమానికి వాపు. ఇంట్లో అందరూ పామ్ అని పిలిచే స్పిట్జ్‌లలో నేను దీన్ని ఎక్కువగా చూశాను. దానికి ఇంట్లో వైద్యం లేదు, సెలైన్ ఎక్కాల్సిందే. ఉల్లిపాయ మాట మరిచిపోకండి. కార్జం వేపుడులో కార్జం కన్నా ఉల్లిపాయే ఎక్కువ. కిలో బరువుకి 15 గ్రాముల ఉల్లిపాయ చాలు కుక్క రక్తకణాలు దెబ్బతినడానికి. పది కిలోల కుక్కకి ఒక పెద్ద ఉల్లిపాయ. వెల్లుల్లీ అదే తోవ. కుక్కకి వండే కార్జంలో పసుపు చిటికెడు వెయ్యండి, ఇంకేమీ వద్దు. డాల్మేషియన్ పెంచేవాళ్ళు కార్జం, కిడ్నీల జోలికే పోవద్దు, వాటికి మూత్రంలో రాళ్ళు వచ్చే గుణం పుట్టుకతోనే ఉంది.

కొట్టతనితో కూడా ఒక మాట చెప్పి చూడండి. నేను రిటైరయ్యాక మా వీధి చివర కొట్టులో మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి నేనే కొనిచ్చాను, చెక్కిన ముక్కలన్నీ అందులో వెయ్యమని. మొదటి నెల డ్రమ్ములో మంచినీళ్ళు పోసుకున్నాడు. ఇప్పుడు వేస్తున్నాడు, సాయంత్రం గొయ్యిలో పూడుస్తున్నాడు. మొద్దు కింద కుక్కలు ఇంకా ఉన్నాయి గానీ వాటికి ఇప్పుడు కొవ్వు ముక్కలే దక్కుతున్నాయి. మీ కుక్క కూడా గొలుసు లేకుండా కొట్టు వైపు తిరిగేదైతే ఆరు వారాలకొకసారి ప్రాజిక్వాంటెల్ తప్పదు. ఇంట్లోనే ఉండి ఉడికించినదే తింటే మూడు నెలలకొకసారి చాలంటాను, తేదీ కేలండరు మీద రాసుకోండి.

కార్తీకం సంగతి. అమ్మగారితో వాదించకండి, ఆ నెల మా ఇంట్లోనూ పొయ్యి మీద నీచు ఎక్కదు. చాలా ఇళ్ళల్లో జరిగేదేమిటంటే దీపావళి మర్నాటి నుంచి కుక్కకి ఉన్నట్టుండి పెరుగన్నం. లాబ్రడార్‌కి నెల రోజులు పెరుగన్నమే అయితే మాంసకృత్తులు చాలవు, పైగా కడుపు నిండక కనబడ్డవన్నీ నములుతుంది. దీపావళికి వారం ముందు నుంచే రోజుకి కొంచెం కొంచెంగా ప్యాకెట్ తిండి పెంచి, పాడ్యమి నాటికి పూర్తిగా దాని మీదకి తీసుకురండి. పెరుగు పైన రెండు చెంచాలు వెయ్యండి. ఎలాగూ ఆ తిండిలోనే ఎ విటమిన్ ఉంది కాబట్టి కార్జం లేని ఆ నెలలో లోటేమీ రాదు. పోలి పాడ్యమి దాటాక మొదటి ఆదివారమే కవరు నిండా తెచ్చి పెట్టకండి, నెల రోజుల తర్వాత దొరికిందని కుక్క మింగేస్తుంది, మీరు రాత్రంతా పెరట్లో నీళ్ళు కొట్టుకోవాలి. మొదటి వారం ఒక కోడి కార్జం ముక్క, సరిపడితే రెండో వారం రెండు. నట్టల మందు వేయించాక దొడ్డిలో ఏమైనా తేడా కనబడినా, పాప గురించి డాక్టరు ఏమన్నా చెప్పినా ఇక్కడే రాయండి, చూస్తూ ఉంటాను.